రెండు గంటల తర్వాత లేని పిల్లలు

ఆమె మరణవార్త మా కార్యాలయానికి ఒక ఖాళీ రూపంలో చేరింది. రాజురా తాలూకాలో, మహారాష్ట్ర వైపు, తెలంగాణ సరిహద్దుకు ఆనుకొని ఉన్న ఒక ఊరి అంగన్‌వాడీ కేంద్రంలో సేవిక పదవి ‘మరణ కారణంగా’ ఖాళీ అయిందనీ, తదుపరి చర్య నిమిత్తం సమర్పించడమైనదనీ మరాఠీలో రెండు వాక్యాల లేఖ. దాని మీద అందినట్టు ముద్ర పడింది, సంఖ్య పడింది, మూడు బల్లలు దాటి నా బల్ల మీదికి వచ్చింది. నేను మూడుసార్లు చదివాను. అందులో తప్పేమీ లేదు. పదవి నిజంగానే ఖాళీ అయింది.

ఆ లేఖ మీద నా వంతు చర్య, ‘చూశాను’ అని సంతకం చేయడం. చేశాను. మిగిలినది ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే కార్యాలయంలో దీనికి ఫారం లేదు.

ఊళ్లో ఆమెను పెద్దాచిన్నా అందరూ బాయి అనేవారు. మరాఠీలో పంతులమ్మను పిలిచే మాట అది. ఆ ఊరివాళ్లు తరతరాలుగా తెలుగువాళ్లే అయినా బడి, కార్యాలయం, అంగడి మరాఠీలో నడుస్తాయి కనుక మర్యాదలు కూడా అందులోంచే వచ్చాయి. బాయి రిజిస్టర్లు మరాఠీలో రాసేది, పిల్లల్ని తెలుగులో మందలించేది. నా సంగతి చెప్పవలసింది తక్కువ. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి బొగ్గు గనుల పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. నేను నాగపూర్‌లో సమాజసేవ చదివి, చంద్రపూర్‌లో ఈ కార్యాలయంలో కాంట్రాక్టు పరిశీలకుడిగా చేరాను. తెలుగు తెలిసినవాణ్ణి కావడం వల్ల సరిహద్దు ఊళ్లన్నీ నా వాటాకు వచ్చాయి. అంగన్‌వాడీలను చూసి, చూసినది ఫారంలో పట్టేంతగా తగ్గించి రాయడం నా ఉద్యోగం.

మొదటిసారి ఆ ఊరు వెళ్లింది నాలుగేళ్ల కిందట, పత్తి ఏరే రోజుల్లో. రాజురాలో బస్సు తప్పిపోయి, చేరేసరికి మధ్యాహ్నం రెండున్నర దాటింది. కేంద్రం వేళలు పది నుంచి రెండు. తాళం వేసిన తలుపును దర్శించి, గోడ మీది రంగుల అక్షరాలను నమోదు చేసుకొని, తిరుగు బస్సు పట్టుకోవచ్చునన్న న్యాయమైన ఆశతో నడిచాను. కేంద్రం తెరిచి ఉంది.

తెరిచి ఉండవలసిన సమయంలో మూసి ఉంటే నమోదు చేయడానికి నా ఫారంలో ఒక గడి ఉంది. దాని కింద కారణాల కోసం మరో నాలుగు గడులున్నాయి. మూసి ఉండవలసిన సమయంలో తెరిచి ఉంటే ఏం చేయాలన్నది ఫారం తయారుచేసినవారు ఊహించలేదు. గడప దగ్గర కాసేపు నిలబడ్డాను.

లోపల చాపల మీద పద్నాలుగు మంది పిల్లలు నిద్రపోతున్నారు. అందులో ఐదుగురికి మూడేళ్లు నిండలేదు. నిబంధనల ప్రకారం ఆ ఐదుగురికీ ఇంటికి తీసుకెళ్లే ఆహారపు పొట్లం ఉంది, కేంద్రంలో చోటు లేదు. వాళ్లు ఆ వేళకు తల్లి ఒడిలో ఉన్నట్టు లెక్క. ఆ తల్లులేమో ఊరికి మూడు కిలోమీటర్ల అవతల పత్తి చేలలో ఉన్నారు. బాయి కాళ్లు చాచుకొని కూర్చొని, వాటి మీద ఒక పసివాణ్ణి పడుకోబెట్టి ఊపుతూ, పక్కనే పరిచిన రిజిస్టరులో మిగతా పిల్లల బరువులు ఎక్కిస్తోంది.

“టైం అయిపోయింది కదా” అన్నాను, నా పరిచయం చెప్పుకొన్నాక.

“ఎవలది?” అంది తలెత్తకుండా.

“కేంద్రానిది.”

“పత్తి ఏరుడు పొద్దుగూకేదాక ఉంటది సారూ. రెండింటికి నేను తాళమేస్తె గీళ్లను యాడికి తోలాలె? చేనుకా? ఆడ మందు కొట్టిన చెట్లు, పురుగూ పుట్రా. ఇంట్ల ఏసి బయట గొళ్లెం పెట్టేటోళ్లు గూడ ఉండిరి, నేను రాకముందు.”

నేను నిబంధన చెప్పబోయాను.

“బిడ్డ గడియారం చూసి ఏడ్వదు సారూ. జర మెల్లగ మాట్లాడు, పండుకున్నరు.”

ఆ తర్వాత నిబంధనల గురించి మేమిద్దరం ఒక గంటసేపు గుసగుసగా చర్చించుకున్నాం. నా వాదన ఏ సందర్భంలోనూ అంత బలహీనంగా వినిపించలేదు.

సాయంత్రం తల్లులు చేలనుంచి వచ్చారు. గడప బయట బాయి ఒక నీళ్ల బకెట్టు, బట్టల సబ్బు పెట్టి ఉంచింది. పురుగుమందు కొట్టిన చెట్ల నుంచి పత్తి తీసిన చేతులతో బిడ్డను ముట్టుకోకూడదని ఆమె కట్టడి. ఎవరు ఎంత తొందరలో ఉన్నా మోచేతుల దాకా రుద్ది కడుక్కొని, రెండు చేతులూ ఆమె ముఖం ముందు పెట్టి చూపించాలి. ఆమె ఒక్కొక్క చేయి తిప్పి చూసేది, గోళ్ల సందులు చూసేది. ఒకామె సగం కడుక్కొని వచ్చింది.

“గోళ్లల్ల ఏందే అది?”

“మట్టి, బాయీ.”

“మట్టా, మందా?”

“నాకేమెర్క?”

“నీకెర్క లేకుంటె వాని నోటికెర్క ఉంటదా? పో, మళ్ల కడుక్కరా.”

ఆమె గొణుగుతూ వెళ్లింది. లోపల ఆమె కొడుకు తల్లి గొంతు విని లేచి కూర్చున్నాడు కానీ గడప దాటలేదు. చేతులు కడగడం పూర్తయ్యేదాకా కూర్చోవాలని వాడికి ఏడాదిన్నర వయసుకే తెలుసు. మా శిక్షణ తరగతుల్లో పరిశుభ్రత గురించి మూడు రోజుల పాఠం ఉంటుంది. అందులో ఈ బకెట్టు లేదు.

బస్సు కోసం ఎదురుచూస్తుండగా, ఇవన్నీ మీ పని కాదు కదా అన్నాను. ఎవరి పిల్లలకు అర్హత ఉంది, ఎవరికి లేదు అన్నది చూసుకోవాలి కదా అన్నాను. బాయి రోడ్డు పక్కనున్న చేతిపంపు వైపు చూపించింది. “ఆ బోరింగు కాడ నీళ్లు పట్టేటోళ్లను, నీకు హక్కున్నదా, నీ ఆయన ఏం పని జేస్తడు అని ఎవలన్న అడుగుతరా? దూపైతె పడతరు. పిల్లగాండ్లకు జాగ గూడ గట్లనే ఉండాలె. ఊరికి బోరింగున్నట్టు.” సార్వజనిక శిశు సంరక్షణ మీద నేను విశ్వవిద్యాలయంలో అరవై పేజీల వ్యాసం సమర్పించాను. అందులో చేతిపంపు రాలేదు.

ఇప్పుడు నా మొదటి తప్పు. నివేదిక చివర ‘అనుసరణీయ పద్ధతులు’ అనే అనుబంధం ఉంటుంది. నేను ఆమె గురించి ఒక పేజీ నిండా రాశాను. పత్తి రోజుల్లో కేంద్రాన్ని సాయంత్రం దాకా నడుపుతోందనీ, పసిబిడ్డలను కూడా చూసుకుంటోందనీ, ప్రభుత్వం ఇలాంటి ఏర్పాటును తన ఖర్చుతో ఊరూరా చేయాలనీ రాశాను. ఆ అనుబంధం ఎవరూ చదవరని నాకు తెలుసు, అందుకే మనసు విప్పి రాశాను. ఆ ఏడాది ఎవరో చదివారు. చదివినవారు అవకతవకలు మాత్రమే చదవగలిగే శిక్షణ పొందినవారు. అనర్హులైన పిల్లలను, అనుమతి లేని వేళల్లో, ప్రభుత్వ ప్రాంగణంలో ఉంచినందుకు మీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో తెలపండి అని బాయికి నోటీసు వెళ్లింది. ఆధారం: స్థల పరిశీలన నివేదిక. ఆ స్థలాన్ని పరిశీలించింది నేనొక్కణ్ణే.

వారం తర్వాత ఆమె రెండు బస్సులు మారి చంద్రపూర్ వచ్చింది. నోటీసును పిల్లల టీకాల కార్డుల మధ్య మడత పడకుండా పెట్టుకొని తెచ్చింది. నేను లేచి కుర్చీ ఇచ్చాను. ఆ రోజునుంచి నేను ఆమెకు సారును కాదు.

“మంచిగ రాసినవంట గద తమ్మీ, విన్న. మంచిగ రాస్తెనే గింతైంది. చెడ్డగ రాస్తె ఏమైతుండెనో.”

నేను క్షమాపణ చెప్పబోయాను.

“అవన్ని తర్వాత. గిండ్ల భాష నాకస్తది గని గిండ్ల మెలికలు నాకు తెల్వయ్. నువ్వే రాసినవు, జవాబు గూడ నువ్వే రాయి.”

అలా ఒకే వ్యవహారంలో అభియోగమూ సమర్థనా రెండూ రాసే అరుదైన గౌరవం నాకు దక్కింది. జవాబు ముగింపులో, ఇకపై నిర్ణీత సమయం దాటిన తర్వాత ఏ బిడ్డనూ కేంద్రంలో ఉంచబోనని హామీ రాశాను. అది లేకుండా ఫైలు మూయరు. బాయి వేలు పెట్టి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది.

“గిది రాయకుంటె ఏమైతది?”

“ఉద్యోగం పోవచ్చు.”

“రాస్తె?”

“ఫైలు మూసేస్తారు.”

“మరి పిల్లగాండ్లు?”

“నోటీసులో పిల్లల గురించి అడగలేదు” అన్నాను. నా జీవితంలో నేను పలికిన అత్యంత ఖచ్చితమైన వాక్యం అది. ఆమె పెన్ను అందుకొని సంతకం చేసింది.

మళ్లీ ఆ ఊరు వెళ్లినప్పుడు, సరిగ్గా రెండింటికి బాయి కేంద్రానికి తాళం వేయడం నా కళ్లతో చూశాను. తాళంచెవి నడుము దగ్గర దోపుకొని, పసివాణ్ణి చంకనేసుకొని, తక్కినవాళ్లు ఒకరి చొక్కా ఒకరు పట్టుకొని వెంట రాగా, ఇరవై అడుగులు నడిచి తన ఇంటి అరుగు మీదికి ఎక్కింది. బకెట్టూ సబ్బూ అప్పటికే అక్కడ ఉన్నాయి.

“కేంద్రంల ఉంచనని రాసిస్తి. ఇల్లు కేంద్రం గాదు గద” అంది. “మాట తప్పలే.”

గడ్‌చాందూర్ సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చిన ఆమె భర్త, పిల్లల మధ్య కాలు పెట్టే చోటు వెతుక్కుంటూ నాతో అన్నాడు: “మాకు పుట్టింది ఇద్దరే సారూ. పొద్దున లెక్క పెడితె ఇద్దరే ఉంటున్నరు. మాపటికి పదహారైతున్నరు.”

“రెండు రొట్టెలు నోట్ల పెట్టుకొని పండుకోపో” అంది బాయి. “షిఫ్టు చేసొచ్చినోడు నిద్రపోవాలె గని లెక్కలు జెయ్యద్దు.”

నా రెండో తప్పు దీనికన్నా పెద్దది. దాన్ని నేను మంచి ఉద్దేశంతో, ఆలోచించి, నీటుగా చేశాను.

నిరుడు మా కార్యాలయానికి ఒక సర్వే వచ్చింది. అవసరం ఉన్న ఊళ్లలో ప్రభుత్వ ఖర్చుతో రోజంతా నడిచే శిశు సంరక్షణ కేంద్రాలు మంజూరు చేస్తారని సమాచారం. ఆరు నెలల బిడ్డ నుంచి ఆరేళ్ల బిడ్డ దాకా, తల్లి ఏ పని చేసినా, చేయకపోయినా, అడిగిన ప్రతి బిడ్డకూ చోటు. రెండో సేవిక, ఆమెకు జీతం, పడుకోవడానికి మరో గది. ఫారంలో అసలు గడి ఒకటే: ‘మధ్యాహ్నం రెండు తర్వాత సంరక్షణ లేని పిల్లల సంఖ్య.’

బాయి ఊరి కాగితం ముందు పెట్టుకొని చాలాసేపు కూర్చున్నాను. ఆ ఊళ్లో రెండు తర్వాత సంరక్షణ లేని బిడ్డ ఒక్కరూ లేరు. పద్నాలుగు అని రాస్తే, మరి వాళ్లిప్పుడు ఎక్కడుంటున్నారని అడుగుతారు. అరుగు సంగతి బయటపడుతుంది. హామీ సంతకం ఫైలులో ఉంది. మరో నోటీసు వస్తే దానికి జవాబు రాసే తెలివి నాకు లేదు. ‘శూన్యం’ అని రాశాను. ఆమెను కాపాడాననుకున్నాను.

మంజూరైన కేంద్రాలు వేరే ఊళ్లకు వెళ్లాయి. అలాంటి మనిషి తమ మధ్య లేకుండా జాగ్రత్తపడిన ఊళ్లకు.

ఈ సంగతి ఆమెకు నేనే చెప్పాను. అప్పటికి ఆమె పాదాలు వాచి ఉన్నాయి. చంద్రపూర్ ఆసుపత్రిలో చూపించుకోమన్నాను. వాళ్లు చూసేదీ పొద్దున్నే, కేంద్రం నడిచేదీ పొద్దున్నే, తన బదులు కూర్చునే మనిషిని ఇస్తే వెళ్తానంది. బదులు మనిషిని ఇచ్చే ఏర్పాటు లేదు. ఆ మాట దాటేయడానికే కాబోలు, సర్వే సంగతి ఎత్తాను. మీ మంచికే సున్నా పెట్టానన్నాను.

ఆమె కాళ్ల మీద ఊగుతున్న బిడ్డ నిద్రపోయిందో లేదో వంగి చూసింది. తర్వాత అంది:

“నేనెన్ని దినాలుంట తమ్మీ? నువ్వు నన్ను జూసి రాసినవు. పిల్లగాండ్లను జూసి రాయకపోతివి.”

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఇన్నాళ్లూ అది నాతో తిరిగేది కాదు. ఆమెకు ఉద్యోగం పోతుందని నేను భయపడ్డాను. ఆమె ఆ భయాన్ని ఎప్పుడో పక్కన పెట్టేసిందని, ఆమె అడిగినది తనకు రక్షణ కాదని, తన తర్వాత కూడా ఉండే ఒక గది, ఒక జీతం, ఒక తాళంచెవి అని నాకు అర్థమయ్యేసరికి సర్వే గడువు ముగిసింది. వచ్చే ఏడాది మళ్లీ వస్తుంది, అప్పుడు సరిచేద్దామన్నాను. “గట్లనే జెయ్యి” అంది.

వచ్చే ఏడాది సర్వే వచ్చింది. దాని కంటే పన్నెండు రోజుల ముందు బాయి పోయింది. పొద్దున్నే కేంద్రానికి బయలుదేరుతూ చెప్పులు వేసుకోవడానికి వంగి, మళ్లీ లేవలేదని ఆమె భర్త చెప్పాడు. పత్తి ఏరే రోజులు కావడంతో ఊరి ఆడవాళ్లంతా చేలకు నడుస్తున్నారు. కబురు అందుకొని దారిలోంచే తిరిగి వచ్చారట. అంత్యక్రియలకు నేను వెళ్లలేకపోయాను. నాకు కబురు చెప్పవలసిన లేఖకు ఇంకా సంఖ్య పడలేదు.

కేంద్రాన్ని ఇప్పుడు అక్కడి సహాయకురాలు నడుపుతోంది. మంచి మనిషి, భయస్తురాలు. సరిగ్గా రెండింటికి తాళం వేస్తుంది. ఆమెను తప్పుపట్టడానికి లేదు. నేను రాసిన హామీ పత్రం నకలును, మార్గదర్శకం కోసమని, పైవాళ్లెవరో కేంద్రం గోడకు అతికించి వెళ్లారు. నా మరాఠీ చాలా స్పష్టంగా ఉంది.

ఈసారి సర్వే ఫారంలో పద్నాలుగు అని రాశాను. మా పై అధికారి కాగితం పట్టుకొని నా బల్ల దగ్గరికే వచ్చారు. నిరుడు శూన్యం, ఇప్పుడు పద్నాలుగు, ఇంత వ్యత్యాసానికి కారణం రాయాలన్నారు. ‘సేవిక మరణం’ అని రాశాను. ఆయన చదివి, కళ్లద్దాలు తీసి, మరాఠీలో నిదానంగా అడిగారు: “సేవిక చనిపోతే పిల్లలు పుడతారా?”

ప్రశ్న న్యాయమైనదే. నిరుటి శూన్యం అబద్ధమనీ, ఆ అబద్ధం నాదేననీ కాగితం మీద రాసిచ్చాను. నా కాంట్రాక్టు సంగతి తర్వాత తేలుస్తామన్నారు. ముందు వెళ్లి, పిల్లలను స్వయంగా చూసి, తలలు లెక్కపెట్టి రమ్మన్నారు.

నిన్న వెళ్లాను. నేను చేరేసరికి కేంద్రానికి తాళం పడింది. బాయి ఇంటి అరుగు మీద ఎవరూ లేరు. పిల్లలు ఎటు వెళ్లారని అడిగితే, చేను దారి చూపించారు. మూడు కిలోమీటర్లు నడిచాను.

చేను గట్టున ఒక ట్రాక్టరు ట్రాలీ ఆపి ఉంది. దాని నీడలో గోనెపట్టాల మీద పిల్లలు కూర్చొని ఉన్నారు. తల్లులు నడుములకు పత్తి సంచులు కట్టుకొని దూరంగా, సాళ్లలో వంగి ఉన్నారు. ఎవరూ తలెత్తడం లేదు. వేళ్లు కాయల మీదే ఉన్నాయి. కానీ కొంతసేపటికి ఒకసారి, వంతుల ప్రకారం, ఒక్కొక్క తల్లీ ఒక్కొక్క పేరు గట్టిగా పిలుస్తోంది.

“అంజీ.”

“ఉన్న.”

“లచ్చీ.”

“ఉన్న.”

మాటలు రాని పసివాళ్ల పేర్లు వచ్చినప్పుడు, నాలుగేళ్లుంటాయేమో, ఒక పిల్ల వాళ్ల తరఫున బదులు చెబుతోంది. ఉన్నడు. ఉన్నది. చివరి పేరు అయ్యాక కాసేపు పత్తి చప్పుడు మాత్రమే. మళ్లీ మొదటి పేరు.

నేను ఫారం తీసి గట్టు మీద కూర్చొని లెక్క మొదలుపెట్టాను. రెండో విడతలో, “చిన్నోడు?” అన్న పిలుపుకు బదులు రాలేదు.

చేనంతా ఆగిపోయింది. పిలిచిన తల్లి ఒక్కతే కాదు, అందరూ. వంగినవాళ్లు వంగినట్టే, వేళ్ల మధ్య సగం లాగిన పత్తితో, ట్రాలీ వైపు చెవులు పెట్టి నిలబడ్డారు.

“ఉన్నడు” అంది ఆ పిల్ల, కొంచెం ఆలస్యంగా. “పండుకున్నడు.”

చేతులు మళ్లీ కదిలాయి.